పాప కాళ్లు బిగుసుకుపోతున్నాయి, తప్పు నాదేనా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి ఇప్పుడు 11 నెలలు. 30 వారాలకే పుట్టేసింది, బరువు 1.3 కిలోలు, నెలన్నర ఎన్ఐసీయూలోనే (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూ) ఉంచారు. నవ్వుతుంది, నన్ను గుర్తుపడుతుంది, బొమ్మలు రెండు చేతులతో బాగానే పట్టుకుంటుంది. కానీ డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయడం కష్టంగా ఉంటోంది, నిలబెడితే మునివేళ్ల మీద నిలబడి కాళ్లు కత్తెరలా వేసేస్తుంది. మొన్న చూపిస్తే సెరిబ్రల్ పాల్సీ అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఏడో నెలలో నీళ్ల బకెట్ ఎత్తాను, దానివల్లేనా? నువ్వు జాగ్రత్తగా లేవు అని మా అత్తగారు కూడా అంటున్నారు. ఇది పెరుగుతుందా? పాప నడుస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ బకెట్ సంగతి తేల్చేద్దాం, మీ ఉత్తరం మొత్తంలో నన్ను బాధపెట్టింది అదే. నీళ్లు మోసినందుకో మెట్లెక్కినందుకో ఏడ్చినందుకో పిల్లకి సెరిబ్రల్ పాల్సీ రాదు. రాదంటే రాదు. ఈ జవాబు మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి, ఆవిడకీ మనవరాలి మీద బెంగే కదా, కారణం తెలీక మీ మీద పడుతున్నారు.

సెరిబ్రల్ పాల్సీ అంటే ఎదిగే మెదడుకి దెబ్బ తగిలి ఒంటి కదలికలు సరిగ్గా లేకపోవడం. అసలు జరిగిందేంటంటే, కదలమని మెదడు చెప్పే మాట కండరాలకి మోసుకెళ్లే నరాల దారులు మెదడు లోపల నీరుండే గదుల పక్కనుంచే కిందికి దిగుతాయి, వాటిలో కాళ్లకి వెళ్లేవి ఆ గదులకి బాగా దగ్గరగా ఉంటాయి, చేతులకి వెళ్లేవి కాస్త దూరంగా. సుమారు 24 నుంచి 32 వారాల మధ్య ఆ చోటు చాలా సున్నితం. అప్పుడే పుట్టేస్తే ఊపిరితిత్తులు ఇంకా తయారై ఉండవు, బీపీ నిలకడగా ఉండదు, ఇన్ఫెక్షన్ ఉంటే అదొకటి, వీటిల్లో ఏదో ఒకటో అన్నీ కలిసో ఆ దారుల్ని దెబ్బతీస్తాయి, కొందరికి అక్కడ రక్తస్రావం కూడా అవుతుంది. అందుకే చేతులు బాగుండి కాళ్లు బిగుసుకునే రకం నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లోనే ఎక్కువగా చూస్తాం, దాన్ని స్పాస్టిక్ డైప్లీజియా అంటారు, మీరు రాసింది చూస్తే పాపకి ఉన్నది అదే అనిపిస్తోంది. పుట్టినప్పుడు కాళ్ల కండరాల్లో ఏ లోపమూ లేదమ్మా, వదులవ్వమని పైనుంచి రావాల్సిన కబురే సరిగ్గా అందట్లేదు.

పెరుగుతుందా అన్నారు. మెదడులో అయిన దెబ్బ పెరగదు, ఎంత అయిందో అంతే. కానీ ఒళ్లు పెరుగుతుంది కదా, ఎముక పొడుగవుతుంటే ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండరం దానితో సమానంగా సాగలేదు, అలా మడమ పైకి లేచిపోవడం, మోకాలు వంగిపోవడం, తుంటి కీలు మెల్లగా పక్కకి జరగడం మొదలవుతాయి. పెరగదన్నారు కదా మరి ఇప్పుడెందుకిలా అయింది అని నాలుగైదేళ్ల తర్వాత తల్లిదండ్రులు హడలిపోయేది ఇక్కడే. తుంటి జరిగేటప్పుడు మొదట్లో నొప్పి ఉండదు, పైకి తెలీదు, అందుకే డాక్టర్ చెప్పిన టైముకి ఎక్స్-రే తీయించడం మాత్రం మానకండి, ఇది ఎన్నిసార్లు చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది.

నడక విషయానికొస్తే, పాప పది వారాలు ముందు పుట్టింది కాబట్టి ఆ పది వారాలూ తీసేసి లెక్కేసుకోండి, అంటే ఎనిమిదిన్నర నెలల పిల్లనుకోండి. రెండేళ్లు వచ్చేలోపు ఎవరూ పట్టుకోకుండా కూర్చోగలిగిన పిల్లల్లో చాలామంది తర్వాత నడుస్తారు, కొందరు సొంతంగా, కొందరు వాకర్‌తో. కాబట్టి ఇప్పుడు నిలబెట్టి చూడ్డం కాదు, కూర్చోబెట్టడం మీద దృష్టి పెట్టండి. ఫిజియోథెరపీ వెంటనే మొదలవ్వాలి, అది థెరపిస్టు దగ్గర అరగంటతో అయిపోయేది కాదు, ఎత్తుకునేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, ఆడించేటప్పుడు ఎలా పట్టుకోవాలో మీరు నేర్చుకుంటే రోజంతా థెరపీయే. అవసరాన్ని బట్టి కాళ్లని సరైన తీరులో పట్టి ఉంచే స్ప్లింట్లు, బాగా బిగుసుకుంటే కండరాన్ని వదులు చేసే బోటాక్స్ ఇంజెక్షన్లు కూడా ఉంటాయి. చూపు, వినికిడి టెస్టులు చేయించండి. దెబ్బతిన్న మెదడుని మళ్లీ మామూలుగా చేసే మందు ఇప్పటికి లేదు, పూర్తిగా నయం చేసేస్తాం అని ఎవరైనా ప్యాకేజీ చెప్తే డబ్బు కట్టకండి. ఇంకోటి, కాళ్లు బిగుసుకున్నంత మాత్రాన తెలివి తక్కువని కాదు, ఈ పిల్లల్లో సుమారు సగం మందికి తెలివితేటల విషయంలో ఏ ఇబ్బందీ ఉండదు.

ప్రశ్న: మా బాబు నెలలు నిండాకే పుట్టాడు, కానీ పుట్టగానే ఏడవలేదని చెప్పారు. ఇప్పుడు మూడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ అన్నారు. డెలివరీ చేసిన డాక్టర్ తప్పు అని చుట్టాలందరూ అంటున్నారు సార్, నిజమేనా?

జవాబు: ఒక్క ఏడుపుని బట్టి అది చెప్పలేం బాబూ. ఈ అనుమానం ఇవాల్టిది కాదు, 1862లోనే లండన్ డాక్టర్ విలియం జాన్ లిటిల్ కష్టమైన కాన్పులకీ పిల్లల కాళ్లు బిగుసుకోవడానికీ సంబంధం ఉందని రాశాడు, చాలాకాలం ఈ జబ్బుని లిటిల్ జబ్బు అనే పిలిచారు. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్, అవును ఆ మనస్తత్వ శాస్త్రం ఫ్రాయిడే, ముందు ఆయన నరాల డాక్టర్, దీన్ని తిరగేసి చెప్పాడు. కడుపులోనే బిడ్డ మెదడుకి ఏదో అయి ఉండొచ్చు, కాన్పు కష్టమవ్వడం దాని ఫలితం కూడా కావచ్చు కదా అన్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అమెరికాలో 50 వేలకి పైగా గర్భాల్ని మొదట్నుంచీ ఫాలో అయిన పెద్ద స్టడీని 1980ల్లో విశ్లేషించి చూస్తే, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం కారణం కాదని తేలింది.

అంటే కాన్పులో ఆక్సిజన్ అందక రానే రాదా? వస్తుంది, కానీ తక్కువమందికి. గర్భంలో ఉండగా తల్లికి రుబెల్లా, సీఎంవీ లాంటి వైరస్ ఇన్ఫెక్షన్లు, మెదడు ఏర్పడటంలోనే తేడాలు, జన్యువుల్లో మార్పులు, పుట్టాక కామెర్లు బాగా పెరిగిపోవడం, మెదడువాపు, తలకి దెబ్బ, ఇవన్నీ కారణాలే, చాలామందిలో రెండు మూడు కలిసి వస్తాయి. నిజంగా ఆక్సిజన్ అందకపోతే ఆ బిడ్డ మొదటి రోజుల్లోనే బాగా మగతగా ఉండటం, పాలు తాగకపోవడం, ఫిట్స్ రావడం లాంటివి కనిపిస్తాయి. అలాంటివాళ్లకి ఇప్పుడు పుట్టిన 6 గంటల్లోపు ఒంటిని 33-34 డిగ్రీలకి చల్లబరిచి 72 గంటలు అలాగే ఉంచే ట్రీట్‌మెంట్ ఉంది. బాబు డిశ్చార్జ్ పేపర్లు, ఎంఆర్‌ఐ పట్టుకుని పిల్లల న్యూరాలజిస్టు దగ్గర కూర్చోండి, దెబ్బ మెదడులో ఎక్కడుందో చూస్తే ఎప్పుడు జరిగిందో చాలాసార్లు అంచనా దొరుకుతుంది. ఎంఆర్‌ఐ నార్మల్‌గా ఉన్నా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉన్నా జన్యు పరీక్ష గురించి అడగండి, రెండో బిడ్డని అనుకునేముందు అది తెలియడం ముఖ్యం. చుట్టాల తీర్పు కంటే ఆ పేపర్లు నయం.

ప్రశ్న: మా మనవడికి 7 నెలలు. ఏదిచ్చినా కుడిచేత్తోనే అందుకుంటాడు, ఎడమచెయ్యి పిడికిలి బిగించే ఉంచుతాడు. కుడిచేతి వాటం అని మురిసిపోతున్నాం, కోడలు మాత్రం భయపడుతోంది.

జవాబు: అమ్మా, మీ కోడలి మాట వినండి. ఏడు నెలలకి చేతివాటం ఏర్పడదు, ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ వాడాలి. ఒకటే వాడుతున్నారంటే రెండోది ఎందుకు వాడట్లేదో చూడాలి. కొంతమంది పిల్లలకి పుట్టుకకి కాస్త ముందో వెనకో మెదడులో ఒకపక్క రక్తనాళం మూసుకుపోతుంది, అప్పుడు పైకి ఏమీ తెలీదు, నెలలు గడిచాక ఇలా ఎదుటిపక్క చేతిలో బయటపడుతుంది, ఇదీ సెరిబ్రల్ పాల్సీలో ఒక రకమే. వేరే కారణం కూడా ఉండొచ్చు, అది చూసి చెప్పాల్సింది డాక్టరే. కానీ ఏడాది నిండాక చూద్దాంలే అనుకోవద్దు, ఈ వారమే తీసుకెళ్లండి. వాడని చేతికి మెదడులో చోటు తగ్గిపోతూ ఉంటుంది, అందుకే జబ్బు పేరు ఖాయం అయ్యేదాకా కూడా ఆగకుండా థెరపీ మొదలుపెడతారు. బాగున్న చేతికి రోజూ కాసేపు మెత్తటి తొడుగు వేసి రెండో చేత్తో ఆడించే పద్ధతి ఒకటుంది, ఎంతసేపో ఎలాగో థెరపిస్టు చూపిస్తారు, మీ అంతట మీరు కట్టేయకండి. వెళ్లేటప్పుడు బాబు ఆడుకుంటున్న వీడియో ఒకటి ఫోన్‌లో తీసుకెళ్లండి, అక్కడ పిల్లలు ఏడుస్తూ ఉంటే చేతులు ఎలా వాడుతున్నారో డాక్టర్‌కి సరిగ్గా కనపడదు.