వర్జీనియాలో బానిసత్వం బేకన్ తిరుగుబాటుతోనే మొదలైందా?

కాదు, అమెరికాలో అప్పటి ఆంగ్లేయ వలస ప్రాంతమైన వర్జీనియాలో 1676లో తోట యజమాని నాథనియల్ బేకన్ నడిపిన తిరుగుబాటు బానిసత్వాన్ని పుట్టించలేదు గాని, అప్పటికే ఉన్న ఆ వ్యవస్థను చర్మపు రంగు ఆధారంగా మరింత బిగించడానికి దోహదపడింది.

ఆదివాసీ తెగలపై ఇష్టారాజ్యంగా దాడులు చేయడానికి గవర్నర్ విలియం బర్క్‌లీ ఒప్పుకోనందుకు సరిహద్దు వలసదారులు తిరగబడగా, ఓడ ఖర్చుకు బదులు కొన్నేళ్లు చాకిరీ చేస్తామని ఒప్పందం రాసిచ్చిన తెల్లజాతి పనివారూ, నల్లజాతి బానిసలూ వారి పక్షాన ఆయుధాలు పట్టారు. రాజధాని జేమ్స్‌టౌన్ తగలబడింది. బేకన్ జబ్బుచేసి చనిపోయిన తరువాత కూడా లొంగని చివరి దళాల్లో ఒకదానిలో సుమారు 80 మంది నల్లవారు, 20 మంది తెల్ల పనివారు మిగిలారు. పొగాకు తోటల యజమానులను కలవరపెట్టింది ఈ కలయికే. బానిసత్వం బిగుసుకోవడానికి, ఇంగ్లండు నుంచి పనివారి రాక తగ్గి, ఆఫ్రికా నుంచి బానిసల దిగుమతి పెరగడం కూడా అంతే బలమైన కారణమనే చెప్పాలి.

తెల్ల పనివారినీ నల్ల బానిసలనూ చట్టం వేరువేరుగా చూసింది. ఉదాహరణకు, 1705 నాటి చట్టం ప్రకారం ఒప్పందం గడువు ముగిసిన పనివాడికి యజమాని 10 బుషెళ్ల (బుషెల్ అంటే ధాన్యం కొలత) మొక్కజొన్న, 30 షిల్లింగులు, ఒక తుపాకీ ఇచ్చి పంపాలి. బానిసకు మాత్రం ఆయుధం నిషిద్ధం.

దీనిని పేదల సమానత్వ పోరాటంగా భావించడం పొరపాటు. బేకన్ మనుషులు ఆంగ్లేయులతో సఖ్యంగా ఉన్న పమంకీ తెగను సైతం వేటాడారు. ఇక తల్లి బానిసైతే బిడ్డా బానిసేనన్న చట్టం 1662లోనే వచ్చింది.