వీసా వచ్చింది సరే, స్టేటస్ సంగతి?

"అన్నా, ఎమ్మెస్ అయ్యాక అక్కడే ఉండిపోవాలంటే ఏ రూటు?" అమెరికాకు పెట్టెలు సర్దుకుంటున్న పిల్లలందరిదీ ఇదే ప్రశ్న. చదువు నుంచి గ్రీన్‌కార్డుకు నేరుగా రోడ్డు లేదు. ఎఫ్-1 అంటేనే చదువుకుని తిరిగి వెళ్తానని చెప్పి తెచ్చుకునే వీసా. మధ్యలో ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పని చేసుకునే అనుమతి), హెచ్-1బీ (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) అనే మజిలీలున్నాయి. ఒక్కోదానికీ ఒక్కో గడువు. ఆ తేదీలు గుర్తు పెట్టుకోవాల్సింది మీరే, కన్సల్టెన్సీ కాదు.

పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఐదేళ్లకు వచ్చింది కాబట్టి ఐదేళ్లూ ఉండొచ్చనుకుంటారు చాలామంది. స్టాంపు పని మిమ్మల్ని ఎయిర్‌పోర్టు దాకా చేర్చడమే. ఇక్కడ ఉండనిచ్చేది స్టేటస్, అంటే నియమాలు పాటిస్తూ విద్యార్థిగా కొనసాగడం. ఐ-20 (కాలేజీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చెల్లుబాటులో ఉండాలి, సెమిస్టర్‌కు సరిపడా క్రెడిట్లు తీసుకోవాలి, ప్రత్యేక అనుమతి లేకుండా పని చేస్తే క్యాంపస్‌లోనే, సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకుండా చేయాలి. బయట చేతికి క్యాష్ ఇచ్చే కౌంటర్ పని ఎంత చిన్నదైనా స్టేటస్‌కు గండమే.

చదువయ్యాక 12 నెలల ఓపీటీ ఉంటుంది. ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆ తేదీ తర్వాత 60 రోజులు దాటితే కుదరదు. డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కాలేజీ అధికారి) సిఫార్సు నమోదు చేసిన 30 రోజుల్లోగా అప్లికేషన్ యూఎస్‌సీఐఎస్‌కు (అమెరికా ఇమిగ్రేషన్ అప్లికేషన్లు చూసే సంస్థకు) చేరాలన్న నియమం ఇంకొకటుంది. చాలామందికి తెలియనిది ఇదే. ఓపీటీలో ఉద్యోగం లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే ఇంకో 24 నెలల పొడిగింపు దొరుకుతుంది, కానీ కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) ఉండాలి, ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి.

ఆ 90 రోజుల భయం మీదే కొందరి వ్యాపారం నడుస్తుంది. "ఆఫర్ లెటర్ ఇస్తాం, జీతం మాత్రం అడగొద్దు" అంటారు. లేని అనుభవంతో రెజ్యూమె కూడా వాళ్లే వండి ఇస్తారు. ఏళ్ల తర్వాత గ్రీన్‌కార్డు ఫైలు తెరిచిన ఆఫీసరు ఆ కాగితాలన్నీ తిరగేసినప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

డే వన్ సీపీటీ (చేరిన మొదటి రోజు నుంచే కోర్సులో భాగంగా బయట పని చేసే అనుమతి) ఆశ చూపే కాలేజీలతో ఇంకా జాగ్రత్త. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుట్టు బయటపడింది. క్లాసుల్లేవు, ప్రొఫెసర్లు లేరు, నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే! అరెస్టయిన విద్యార్థులు దాదాపు అందరూ భారతీయులు, అందులో తెలుగు పిల్లలు చాలామంది. పైగా ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీయే రాదు.

ఇక హెచ్-1బీ. ఏటా 65,000 కొత్త వీసాలు, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. అంతకంటే ఎక్కువమంది పేర్లు వస్తే లాటరీయే. లాభాపేక్షతో నడిచే ప్రైవేటు కాలేజీ డిగ్రీకి ఆ అదనపు కోటా వర్తించదు, కాబట్టి చేరకముందే కనుక్కోండి. రిజిస్ట్రేషన్ మార్చిలో, పని మొదలయ్యేది అక్టోబర్ 1న. యూనివర్సిటీల్లో, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థల్లో ఉద్యోగమైతే ఈ లాటరీతోనే పనిలేదు. జీతం తక్కువని మనవాళ్లు అటు తొంగి చూడరు, నాకైతే అది తెలివితక్కువ లెక్క.

హెచ్-1బీ మీద 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు గురించి కంగారు సహజం. దేశంలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవాళ్లకు అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. అయితే ఆ మార్పు పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే దాన్ని వదులుకున్నట్టే లెక్క. అక్క పెళ్లయినా సరే, టికెట్ కొనే ముందు లాయర్‌ని అడగండి.

గ్రీన్‌కార్డు ఉద్యోగ కోటాలో ఏ దేశానికైనా పరిమితి 7 శాతం. చూసేది పాస్‌పోర్టు కాదు, పుట్టిన దేశం. అందుకే ఈబీ-2, ఈబీ-3 అనే ఉద్యోగ కేటగిరీల్లో మన వరుస ఏళ్ల తరబడి కదలదు. ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమైతే మాత్రం మామూలు గడువైన ఆరేళ్లు దాటినా హెచ్-1బీ పొడిగించుకోవచ్చు, కంపెనీ మారినా ప్రయారిటీ డేట్ (వరుసలో మీ స్థానం తేల్చే తేదీ) సాధారణంగా మీతోనే వస్తుంది. ఆఫర్ చేతికొచ్చిన రోజు జీతంతోపాటు, గ్రీన్‌కార్డు ఎప్పుడు ఫైల్ చేస్తారని కూడా అడగండి. కుదిరితే ఆ మాట ఈమెయిల్లో రాయించుకోండి.