చింక్వే తెర్రే ఖర్చు: మా వంద యూరోలు ఎలా పోయాయంటే

ప్రశ్న: అక్కా, నేను పోయిన సెప్టెంబరులో మాస్టర్స్‌కి మిలాన్ వచ్చాను. పరీక్షలయ్యాక జులైలో నేనూ మా రూమ్మేటూ ఒకరోజు చింక్వే తెర్రే, అదే ఇటలీ సముద్రపొడ్డున కొండల మధ్య ఉన్న ఆ ఐదు ఊళ్లు, చూసి రావాలనుకుంటున్నాం. ఇద్దరికీ కలిపి వంద యూరోల్లో అయిపోతుందా?

జవాబు: అయిపోతుంది తమ్ముడూ. మాకు అవలేదు, అది వేరే కథ.

2014 జులై. నేనప్పుడు జెనోవాలో చదువుతున్నాను. యూరో ఎనభై రూపాయల పైమాటే. తెనాలిలో నాన్న పేరు మీద లోను, ఇక్కడ నా బుర్రలో ఎనభయ్యో ఎక్కం. కాఫీ చప్పరించినా గుణకారమే. మా రూమ్మేట్ వరంగల్ పిల్ల. తలా ముప్ఫై యూరోలు పక్కన పెట్టుకుని, రాత్రే నిమ్మకాయ పులిహోర కలుపుకుని, పొద్దున ఏడింటికి రైలెక్కాం. జెనోవా నుంచి ఆ ఐదు ఊళ్లలో మొదటిది మాంటెరొస్సోకి గంటన్నర కూడా పట్టదు. సొరంగం, సముద్రం, మళ్లీ సొరంగం. వెలుగొచ్చినప్పుడల్లా ఇద్దరం కిటికీకి అతుక్కుపోతున్నాం.

స్టేషన్లో గోడకి చిన్న మెషీన్ ఉంటుంది. కాగితం టికెట్ అందులో దూరిస్తే కర్రుమని తేదీ, టైము కొడుతుంది. దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాం, పాతకాలం సరుకేదో అనుకున్నాం. డబ్బులిచ్చి కొన్న టికెట్‌కి మళ్లీ ముద్రేమిటి? టికెట్లు చూసే ఆవిడ వచ్చి నా టికెట్ తిప్పి చూసింది, మళ్లీ తిప్పి చూసింది. 'నోన్ తింబ్రాతో' అంది, అంటే ముద్ర వేయించలేదని. అప్పటికి నాకొచ్చిన ఇటాలియన్ బోన్‌జోర్నో, గ్రాత్సియే. ఆ రెండూ చెప్పాను. ఆవిడ ముఖంలో జాలి ఉంది, చేతిలో రసీదు పుస్తకమూ ఉంది. తలా యాభై. ఇంకా సముద్రంలో కాలు పెట్టలేదు, ఎనిమిది వేల రూపాయలు ఎగిరిపోయాయి. ఎమర్జెన్సీకని ఇద్దరం దాచుకున్న వంద అది.

ఇప్పటి పిల్లలు ఫోన్లో టికెట్ కొంటారు కాబట్టి నాకేం అనుకోకు. లోకల్ రైలు డిజిటల్ టికెట్‌కి కూడా ఎక్కేముందు చెక్-ఇన్ నొక్కాలి. రూల్స్ మారుతుంటాయి, రైల్వే సైటులో చూసుకో.

ఆ వంద ఆ రోజంతా మా వెంటే నడిచింది. మాంటెరొస్సోలో దిగగానే గొడుగులు, పడక కుర్చీలు వరసగా కనిపించాయి. మన వైజాగ్ బీచ్ లాగే అనుకుని దర్జాగా కూలబడ్డాం. ఒకతను వచ్చి రేటు చెప్పాడు. ఇద్దరం ఎంత వేగంగా లేచామంటే కుర్చీ బోర్లాపడింది. గొడుగులున్న చోటల్లా అద్దెదే. 'స్పియాజ్జా లిబెరా' అని రాసుంటుంది చూడు, అక్కడ తువ్వాలు పరుచుకో, పైసా అడగరు.

కొండదారి మీద వెర్నాజ్జాకి నడుద్దామన్నాను. నా కాళ్లకి హవాయి చెప్పులు. అరగంటకే ఎడమ కాలి పట్టీ ఊడింది. దాన్ని చేత్తో పట్టుకుని, కుంటుతూ వెర్నాజ్జాలో దిగి పద్దెనిమిది యూరోలకి సాండల్స్ కొన్నాను. తెనాలిలో ఆ డబ్బుకి ఇంటిల్లిపాదికీ వస్తాయి. ఈమధ్య అలాంటి చెప్పులతో కొండదారి ఎక్కితే జరిమానా కూడా పెట్టారు, యాభై యూరోల నుంచి మొదలు. షూ వేసుకో.

అయితే నడుస్తుంటే ఆ గట్లు మాత్రం చూడు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, కొండంతా మెట్లుగా చెక్కి ద్రాక్ష, ఆలివ్ వేశారు. 1997లో చింక్వే తెర్రే యునెస్కో జాబితాకి ఎక్కింది ఆ చాకిరీ వల్ల కూడా. పొలం పనులు చూసి పెరిగినదాన్ని కదా, నాకు సముద్రం కన్నా అవే గుర్తుండిపోయాయి.

ఐదింటిలో కోర్నిల్యా ఒక్కటే కొండ మీది ఊరు. స్టేషన్ నుంచి బస్సుంది. దండగని మెట్లెక్కాం. ముప్ఫై మూడు వరసలు, దగ్గర దగ్గర మూడు వందల ఎనభై మెట్లు, మిట్టమధ్యాహ్నం. పైకెళ్లాక దాహానికి చల్లగా తాగినవాటి బిల్లు బస్సు టికెట్లకి మూడింతలు. అదీ టేబుల్ దగ్గర కూర్చుని తాగాం. ఇక్కడ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. హోటల్లో తింటే కొపెర్తో అని తలకింత వేస్తారు. అది మోసం కాదు, మెనూలో రాసే ఉంటుంది. మన కళ్లు అక్కడిదాకా పోవు, అంతే.

కడుపు నింపింది మాత్రం ఫరినాతా. పొయ్యిలోంచి తీసి, ముక్కలు కోసి కాగితంలో పెట్టిస్తారు, అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా. మా వరంగల్ పిల్ల ఒక్క ముక్క కొరికి, 'గిదేందే, మన శెనగపిండి అట్టే గదా!' అంది. నిజంగా శెనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పే. శాకాహారులకి దిగుల్లేదు, చవక కూడా. పచ్చిమిర్చి ఉంటే బాగుండేది.

సాయంత్రం మనరోలాలో రాళ్ల మీద కూర్చుని పులిహోర డబ్బా తీశాం. ఇక్కడ ఇసుక ఉండదు, ఒడ్డునే లోతు. కుర్రాళ్లు రాళ్ల మీంచి దూకుతుంటారు, ఈత రాకపోతే సరదా పడకు. జులైలో తొమ్మిది దాటితేగానీ చీకటి పడదు. గులాబీ, పసుపు మేడల మీద ఎండ దిగిపోతుంటే, మేం ఎంత ఖర్చయిందో టికెట్ వెనక రాసుకుంటున్నాం. రియోమజ్జోరే దాకా వెళ్లే వియా దెల్లామోరే దారి 2012లో రాళ్లు పడి మూసేశారు, మాకు దక్కలేదు. 2024లో మళ్లీ తెరిచారు, దానికి టికెట్ వేరే, టైము ముందే బుక్ చేసుకోవాలి.

నీ సంగతి: మిలాన్ నుంచి మూడు గంటలపైనే, కాబట్టి తొలి రైలు పట్టుకో. ఐదు ఊళ్లకి అటూ ఇటూ ఉన్న లెవాంతో, లా స్పెత్సియా స్టేషన్ల మధ్య రోజంతా తిరగడానికి రైలు కార్డుంది, రేటు రోజుని బట్టి మారుతుంది. మూడు నాలుగు ఊళ్లు దిగితేనే గిట్టుబాటు. ఆదివారం వద్దు, ఆగస్టు అసలే వద్దు.

ఇంకొకటి, ఎవరెంత పెట్టారో ఆ రాత్రే తేల్చుకోండి. మా వరంగల్ పిల్ల నాకింకా నాలుగున్నర యూరోలు బాకీ. ఇప్పుడు బెర్లిన్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మొన్న ఫోన్లో అడిగితే, 'అప్పటి రేటుకా, ఇప్పటి రేటుకా?' అంటోంది.