కొలరాడో చలికాలం: ఉత్తరపు వాకిలి, మార్చి మంచు

ప్రశ్న: డిసెంబరు మొదటి వారంలో హైదరాబాద్ నుంచి డెన్వర్‌కు మకాం మారుస్తున్నాం. ఈసారి అక్కడ చలికాలం మామూలుకంటే వెచ్చగా, పొడిగా ఉండవచ్చని అంచనాల్లో చదివాం. అలాంటప్పుడు బరువైన కోట్లు, మంచు టైర్లు వెంటనే కొనాలా? సంక్రాంతికి అమ్మానాన్నలను పిలిపించుకోవచ్చా? అద్దె ఇల్లు చూసుకోవడంలో ఏమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు: కొనండి. అంచనా ఎంత వెచ్చగా ఉన్నా కొనండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ అంచనాను ఎలా చదవాలో చెప్పాలి.

అమెరికా వాతావరణ శాఖ ఏటా అక్టోబరులో శీతాకాలపు అంచనా విడుదల చేస్తుంది. వెచ్చదనం వైపు మొగ్గు ఉంటే పటంలో మన ప్రాంతం మీద నారింజ రంగు, దాని మీద 40 శాతం అని ఉంటుంది. చూసినవారు చలి ఉండదని ధైర్యపడిపోతారు. కానీ అది డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల సగటుకు సంబంధించిన మాట. 1991 నుంచి 2020 వరకు ముప్పై ఏళ్ల శీతాకాలాలను వెచ్చనివి, మామూలువి, చల్లనివి అని మూడు సమాన వాటాలు చేస్తారు. ముందస్తు సూచన ఏదీ లేకపోతే ఒక్కో వాటాకు 33 శాతం. అది 40 అయిందంటే తక్కెడ ఒకవైపు కాస్త ఒరిగిందని అర్థం, అంతే. మిగిలిన 60 మామూలు వైపు, చల్లని వైపు ఉంది.

పైగా మూడు నెలల సగటులో ఒక రోజు కనబడదు. మనిషిని ఇబ్బంది పెట్టేది ఆ ఒక్క రోజే. 2022 డిసెంబరు 21న మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. కాసేపు వెలుతురు తగులుతుందని కరివేపాకు కుండీని వరండాలో పెట్టాం. సాయంత్రం నాలుగు గంటలకు విమానాశ్రయం దగ్గర 42 డిగ్రీల ఫారెన్‌హీట్. గంట తిరిగేసరికి 5. మనిద్దరికీ అలవాటైన లెక్కలో చెబితే, దాదాపు 6 సెల్సియస్ నుంచి సున్నాకు దిగువన 15కు పడిపోయింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆకులన్నీ నల్లబడి, వేలు తగిలితే విరిగిపోతున్నాయి. ఆరేళ్లు పెంచిన మొక్క. మర్నాడు తెల్లవారుజామున సున్నాకు దిగువన 24 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే సుమారు మైనస్ 31 సెల్సియస్. మన లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తేనే వార్త అవుతుంది.

దానికి ముందు ఏడాది ఇంకో రకం. 2021లో డెన్వర్‌లో తొలి మంచు డిసెంబరు 10 దాకా పడలేదు. అంత ఆలస్యం రికార్డుల్లో లేదు. గడ్డి ఎండిపోయి ఉంది. డిసెంబరు 30న కొండల మీది నుంచి గంటకు వంద మైళ్లు దాటిన గాలి దిగింది. ఎండుగడ్డికి అంటుకున్న మంట ఆ గాలికి పాకి, బౌల్డర్ జిల్లాలోని లూయివిల్, సుపీరియర్ ఊళ్లలో వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. మర్నాడే ఆ బూడిద మీద మంచు పడింది. పొడి చలికాలం అనగానే హాయి అనుకోకండి. గాలి హెచ్చరిక వచ్చిన రోజున పాస్‌పోర్టులు, కాగితాలు ఒక సంచిలో సిద్ధంగా పెట్టుకోండి.

ఇంకొక మాట మీరు ముందుగా తెలుసుకోవాలి. కొలరాడోకు ఒకే చలికాలం లేదు. పడమటి నుంచి వచ్చే తడిగాలి రాకీ పర్వతాలు ఎక్కుతూ మంచంతా అక్కడే దించేస్తుంది. ఇటువైపు దిగేటప్పుడు అదే గాలి వేడెక్కి, పొడిబారుతుంది. దాన్ని చినూక్ అంటారు. జనవరిలో కూడా డెన్వర్‌లో చొక్కాతో తిరిగే రోజులు వచ్చేది దానివల్లే. కొండల మీద రెండడుగులు పడిన రోజున మన వీధిలో చుక్క కూడా ఉండకపోవచ్చు. మనకు గట్టిగా పడాలంటే గాలి తూర్పు నుంచి తిరగాలి, మైదానాల మీది తేమను కొండల పాదాలకు నెట్టాలి. అందుకే నేను ఎన్ని అంగుళాలు అన్నది చూసేకన్నా ముందు గాలి ఎటునుంచి అన్నది చూస్తాను.

ఆ తూర్పు గాలి బలంగా తిరిగేది మార్చిలో. డెన్వర్‌లో సగటున ఎక్కువ మంచు పడే నెల అదే. 2003 మార్చిలో నగరంలో దాదాపు 32 అంగుళాలు, 2021 మార్చిలో విమానాశ్రయం దగ్గర 27 అంగుళాలు పడింది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు చెప్పే అంచనాలో ఈ నెల లేనే లేదు. మార్చి మంచు నీరు పట్టి బరువుగా ఉంటుంది. కొమ్మలు విరుగుతాయి, పారతో ఎత్తితే నడుము పడుతుంది. కాబట్టి సగం సగం ఎత్తండి.

లోయల సంగతి మరొకటి. గాలి కదలని రాత్రి, ఆకాశం నిర్మలంగా ఉంటే, చల్లగాలి బరువెక్కి వాలు వెంట జారి, చెరువులో నీళ్లలా లోయ అడుగున చేరుతుంది. అలమోసా, గన్నిసన్ లాంటి ఊళ్లు తెల్లవారుజామున పైనున్న కొండకంటే చల్లగా ఉండేది అందుకే. అటు వెళ్లి రాత్రి బస చేస్తే కారు బ్యాటరీ కొత్తదై ఉండాలి. తూర్పు మైదానాల్లో లైమన్ దాటాక కష్టమంతా గాలిదే. పడింది మూడంగుళాలైనా, దాన్ని లేపి రోడ్డు కనబడకుండా చేస్తుంది. ఇంటర్‌స్టేట్ 70 రహదారి మీద రోడ్డు మూసే గేట్లు దించేస్తారు. దించారంటే వెనక్కి తిరగండి, పక్కదారి వెతకవద్దు.

పసిఫిక్ సముద్రం మామూలుకంటే చల్లబడే లా నీనా ఏడాది ఉత్తరాన స్టీమ్‌బోట్ వైపు కొండలకు, అది వేడెక్కే ఎల్ నీనో ఏడాది దక్షిణాన సాన్ హువాన్ కొండలకు ఎక్కువ మంచు పడే మొగ్గు కాస్త ఉంటుంది. స్కీయింగ్‌కు ఎటు వెళ్లాలో ఆలోచించేవారికి అది పనికొస్తుంది. రేపు పిల్లల బడి ఉంటుందా లేదా అన్నది దానితో తేలదు.

ఇక టైర్లు. డెన్వర్ పక్కనున్న మారిసన్ నుంచి డాట్సెరో వరకు ఇంటర్‌స్టేట్ 70 మీద సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా చట్టం అమల్లో ఉంటుంది. ఆల్ వీల్ డ్రైవ్ కారైనా టైరు గాడి 3/16 అంగుళం, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు లోతు ఉండాలి. మామూలు కారుకు మంచు టైర్లో, మట్టి, మంచు గుర్తున్న టైర్లో ఉండాలి. లేదా టైర్లకు చుట్టే చెయిన్లు వెంట ఉంచుకోవాలి. అద్దె కారు తీసుకున్నా బాధ్యత నడిపేవారిదే. ఆ దారిలో ఐసెన్‌హోవర్ సొరంగం 11 వేల అడుగుల పైన ఉంది. డెన్వర్‌లో ఎండ చూసి బయలుదేరితే అక్కడ తెల్లటి గోడ ఎదురవుతుంది.

ఇల్లు అడిగారు కాబట్టి ఇది మనసులో పెట్టుకోండి. మనవాళ్లం తూర్పు, ఉత్తర ముఖాలే వెతుకుతాం. మేమూ ఉత్తరపు వాకిలి ఇల్లే తీసుకున్నాం. ఇక్కడ చలికాలంలో సూర్యుడు దక్షిణాన కిందుగా తిరుగుతాడు. ఉత్తర వాకిలి రోజంతా ఇంటి నీడలోనే ఉంటుంది. ఎదురింటివారి దారి మధ్యాహ్నానికి ఆరిపోతే మాది వారాల తరబడి గడ్డకట్టి ఉండేది. ఒక సంక్రాంతికి మా అమ్మ వచ్చింది. భోగి తెల్లవారుజామున ముగ్గు డబ్బా తీసుకుని, ఇంట్లో తిరిగే చెప్పులతో వాకిట్లోకి వెళ్లింది. నేల తడిసినట్టు నల్లగా మెరుస్తోంది, నీళ్లనుకుంది. అది కంటికి ఆనని పలచటి మంచుగడ్డ. మణికట్టు విరిగింది. ఆమె పడినచోట చెల్లాచెదురైన ముగ్గుపిండి గడ్డలో ఇరుక్కుని ఫిబ్రవరి దాకా కనబడుతూనే ఉంది. నాకు ఆ వాకిలి దాటడం ఇప్పటికీ కష్టమే.

వాస్తు వదులుకోమని చెప్పను, అది మీ నమ్మకం. తూర్పు వాకిలి దొరికితే పొద్దుటి ఎండైనా తగులుతుంది. ఉత్తరమే అయితే రోజూ ఉప్పు చల్లుకునే ఓపిక ఉండాలి. మంచు ఆగిన 24 గంటల్లో ఇంటిముందు కాలిబాట శుభ్రం చేయడం డెన్వర్‌లో నివాసితుల విధి కూడా.

అమ్మానాన్నలను సంక్రాంతికి పిలవాలనుకుంటే పిలవండి. అయితే విమానం దిగిన రోజే వారి బూట్లకు తగిలించే ముళ్ల పట్టీలు కొని గుమ్మం దగ్గర పెట్టండి. నగరమే 5,280 అడుగుల ఎత్తు. తలనొప్పి, ముక్కు ఎండి రక్తం రావడం మామూలే. నీళ్లు బాగా తాగించండి, పడకగదిలో తేమ యంత్రం పెట్టండి. పది వేల అడుగులు దాటిన లెడ్‌విల్ లాంటి ఊళ్లకు మొదటి వారంలో తీసుకెళ్లవద్దు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులుంటే ఇండియాలోని వారి డాక్టరును అడిగాకే టికెట్టు కొనండి. నన్నడిగితే సెప్టెంబరు మంచిది. ఆస్పెన్ చెట్లు పసుపు తిరుగుతాయి, దారులు పొడిగా ఉంటాయి, పెద్దవాళ్లు బయట నడవగలరు.

మంచు పారను ఏప్రిల్ అయ్యేదాకా అటక ఎక్కించవద్దు. కరివేపాకు పెంచుకుంటే, మే రెండో వారం దాటాకే కుండీ బయట పెట్టండి, అదీ రాత్రి ఉష్ణోగ్రత చూసుకుని.