పాపను ఒడిలో కూర్చోబెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా పాపకు 14 నెలలు. కారు వెనుక సీటులో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించిన చైల్డ్ సీటులో కూర్చోబెడితే ఒకటే ఏడుపు. కాళ్లు ముడుచుకుపోయి ఇబ్బంది పడుతోందేమోనని నా అనుమానం. దగ్గరి ప్రయాణాలకు ముందు సీటులో నేను ఒడిలో కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ కలిపి బెల్టు పెట్టుకోవచ్చా? ఏడేళ్ల మా బాబుకు పెద్దల బెల్టు సరిపోతుందా?

జవాబు: పాప ఏడుస్తుంటే ఎత్తుకోవాలనిపించడం సహజమేనండీ, కానీ ఎంత దగ్గరి ప్రయాణమైనా కదులుతున్న కారులో మాత్రం ఆ పని చేయకండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నో ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, 10 కిలోల పాప దాదాపు 140 కిలోల బరువుకు సమానమైన బలంతో ముందుకు దూసుకుపోతుంది. కన్నతల్లి చేతులైనా ఆ బలాన్ని ఆపలేవు. ఇద్దరికీ కలిపి బెల్టు పెట్టుకుంటే మీ బరువంతా మీదపడి, మీకూ బెల్టుకూ మధ్య పాప నలిగిపోతుంది. పైగా ముందు సీటు ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో తెరుచుకుని పసిపిల్లలకు ప్రాణాంతకం కాగలదు. అది పనిచేస్తున్న చోట వెనక్కి తిరిగిన చైల్డ్ సీటును కూడా ఎన్నడూ పెట్టకూడదు.

ఈ వయసులో శరీరంతో పోలిస్తే తల పెద్దదిగా, బరువుగా ఉంటుంది, మెడ ఎముకలు ఇంకా గట్టిపడవు. వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడింటినీ సీటు ఒకేసారి కాచుకుంటుంది. అందుకే ఆ సీటుకు తయారీదారు చెప్పిన ఎత్తు, బరువు దాటేదాకా, కనీసం రెండేళ్లు నిండేదాకా, పాపను అలాగే కూర్చోబెట్టండి. కాళ్ల గురించి దిగులు వద్దు, బాసింపట్టు వేసుకుని ఆడుకునే వయసే కదా!

ఏడుపుకు వేరే కారణముందేమో చూడండి. ఎండకు కాలిన బకిల్ చర్మానికి తగులుతుండవచ్చు, మందపాటి స్వెట్టర్ ఒత్తుతుండవచ్చు. స్వెట్టర్ విప్పేసి, పట్టీలు బిగించాక, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టి చూడండి. మడత వేళ్లకు చిక్కిందంటే ఇంకా వదులుగా ఉన్నట్టే. మీరు వెనుక పాప పక్కనే కూర్చోండి. అప్పటికీ ఊరుకోకపోతే కారును సురక్షితమైన చోట ఆపించి, అప్పుడు ఎత్తుకోండి.

బాబుకు, ఎత్తు దాదాపు 145 సెంటీమీటర్లు దాటేదాకా, బూస్టర్ సీటు, అంటే పెద్దల బెల్టు సరిగ్గా అమరేలా పిల్లల్ని కాస్త ఎత్తులో కూర్చోబెట్టే సీటు, కావాలి. బెల్టు పై భాగం భుజం మధ్య నుంచి, కింది భాగం పొట్ట మీదుగా కాకుండా తుంటి ఎముకల మీదుగా రావాలి. మెడకు రాసుకుంటోందని వాడు బెల్టును చంక కిందికి లాక్కుంటున్నాడంటే, బూస్టర్ అవసరం ఇంకా తీరలేదన్నమాట.