కట్టడాల దావాలు చేపట్టబోయే మేనకోడలికి

నరసాపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యావనీ, కట్టడాల తగాదాలే చేపట్టాలనుకుంటున్నావనీ, అందుకు ఇంకే డిగ్రీ చదవాలో చెప్పమనీ రాశావు. నా మాట వింటే డిగ్రీల జోలికి పోకుండా రెండేళ్లపాటు మెజర్‌మెంట్ బుక్కు, అంటే జరిగిన పని కొలతలు రాసే ఎం-బుక్కు, చదవడం నేర్చుకో. ఏ తేదీన ఎంత పొడవు, ఎంత లోతు పని జరిగినట్టు ఎం-బుక్కులో రాశారో, ఆ లెక్క బిల్లులోకి ఎలా ఎక్కిందో వేలుపెట్టి చూపించగల వకీలు మాటను జడ్జిగారు శ్రద్ధగా వింటారు.

ఈ సంగతి నేను ఓడిపోయి తెలుసుకున్నాను. భీమవరం వైపు ఒక మేడ గోడలు బీటలిచ్చాయని యజమాని తరఫున దావా వేసి, సిమెంటు పాళ్లు తగ్గించారన్న ఒక్క వాదననే పట్టుకుని కూర్చున్నాను. పునాదికి ముందు మట్టి పరీక్ష చేయించారా అని అవతలి ప్లీడరుగారు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగారు. మన డెల్టా నల్లమట్టి వానలకు ఉబ్బి, ఎండలకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఆ కదలికను తట్టుకునే పునాది లేకపోతే పైన ఎంత మంచి సిమెంటు వాడినా గోడ బీటలిస్తుంది. పరీక్ష ఖర్చు దండగని వద్దన్నది మా యజమానే. ఆయన నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ తరువాత ఒక విశ్రాంత వర్క్ ఇన్‌స్పెక్టరుగారి వెంట ఆదివారాలు సైట్లకు తిరిగాను. నా చదువని చెప్పుకోదగ్గది అదే.

కాబట్టి కక్షిదారు నీ గడప తొక్కగానే ఫీజు కన్నా ముందు ఇల్లు చూడటానికి వెళ్లు. బీటలకు పూత పడేలోగా సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డరు 9వ రూలు కింద ఇల్లు చూసి నివేదిక ఇచ్చే కమిషనరును వేయమని కోర్టుకు అర్జీ పెట్టి, ఇంజనీరు సాయం కూడా కోరు. కమిషనరు వచ్చిన రోజు నువ్వు అక్కడ ఉండి తీరాలి, ఎందుకంటే నివేదికలోకి ఎక్కని బీటను తరువాత కోర్టుకు చూపించడం చాలా కష్టం.

గడువుల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. 2016 నాటి రెరా చట్టం, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, ప్రకారం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలో బయటపడిన నిర్మాణ లోపాన్ని తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలంలోనో, ఎనిమిదికి మించని ఫ్లాట్లతోనో కట్టినవాటికి రెరా రిజిస్ట్రేషన్ అక్కరలేదు. సొంత ఇల్లు మేస్త్రీకి అప్పగించిన మనిషి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అక్కడ గడువు రెండేళ్లే. కంట్రాక్టరు బిల్లు బాకీకి పని చేసిన నాటి నుంచి మూడేళ్లు. కంట్రాక్టర్ల వకాల్తా తీసుకోవడానికి మొహమాటపడకు. ఎగ్గొట్టే యజమానులను నేను తక్కువేమీ చూడలేదు.

ఫలానా పనిలో నిపుణురాలినని బోర్డు మీద రాయించుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. నీ అనుభవం గురించి మేస్త్రీలూ, ఇంజనీర్లూ, సిమెంటు కొట్టువాళ్లూ నోటిమాటగా చెప్పుకోవాలి, దానికి పదేళ్లు పడుతుంది.

సంక్రాంతికి వచ్చేసరికి ఆ ఓడిన దావా కట్ట తీసి ఉంచుతాను. రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకో.

ఇట్లు,
మామయ్య