తమ్ముణ్ని శిష్యరిక శిక్షణకి పంపాలా, ఐటీఐకి పంపాలా అని అడిగిన సిస్టర్‌కి

వందనాలు సిస్టర్. మీరు రాసింది రెండుసార్లు చదివాను. పలమనేరు దగ్గర పల్లె, తమ్ముడికి ఇరవై ఏళ్లు, టెన్త్ పాసయ్యాడు, ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి, అప్పటినుంచి టమోటా మండీలో లోడింగ్‌కి పోవడం, పని లేని రోజు ఫోన్ పట్టుకుని పడుకోవడం. మీ పాస్టర్ గారేమో తిరుపతి దగ్గర ఏడాది శిష్యరిక శిక్షణ ఉంది, పొద్దున బైబిలు, మధ్యాహ్నం నుంచి కరెంటు పని, తిండి, ఉండటం అన్నీ ఉచితం అన్నారు. మీ నాన్నగారు ఏడాది దండగ, ఐటీఐకి పంపుదాం అంటున్నారు. పంపాలా వద్దా అని మీ ప్రశ్న.

నేను 2009లో అలాంటి చోటే చేరాను, అదీ తిరుపతి చుట్టుపక్కలే, పేరు వద్దు. ఇప్పుడు పూతలపట్టు దగ్గర మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకి కొత్త వైరు చుట్టే షాపు, పెట్టుకుని పదకొండేళ్లయింది. నా దగ్గర ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారు. అందుకే నాకు తెలిసింది నేరుగా చెప్తాను. పంపొచ్చు. కానీ పంపేముందు మీరు వెళ్లి ఆ సెంటర్‌లో ప్రార్థన హాలు ఎంత బాగుందో చూసి రావద్దు, వర్క్‌షాపు చూడండి. పిల్లలు ఏ పని మీద చేతులు పెడుతున్నారో, నేర్పేవాడు ఎవరో, పాత మోటార్లు, పాత వైర్లు, విప్పిన సామాను అక్కడ ఉందో లేదో చూడండి. బల్ల మీద దుమ్ము ఉంటే ఆ సెంటర్‌లో పని నేర్పడం లేదని అర్థం.

మా సెంటర్‌లో పదహారు మందిమి ఉండేవాళ్లం. ఐదింటికి లేచి వ్యక్తిగత ధ్యానం, ఆరున్నరకి అందరం కలిసి ప్రార్థన, తొమ్మిది నుంచి పన్నెండు దాకా బైబిలు క్లాసు, మధ్యాహ్నం పని. కాగితం మీద అలా ఉంది. నిజంగా జరిగిందేంటంటే, మొదటి మూడు నెలలు మధ్యాహ్నాలన్నీ వాళ్ల కొత్త బిల్డింగ్‌కి ఇటుకలు మోయడం, కాంక్రీటు కలపడం. అడిగితే సేవ అన్నారు, వినయం నేర్చుకోండి అన్నారు. వినయం మంచిదే. కానీ కరెంటు పని నేర్పుతామని పిలిచి కూలి పని చేయించడం మంచిది కాదు, ఈ మాట అప్పుడు అనడానికి ధైర్యం లేకపోయింది, ఇప్పుడు అంటున్నాను. మీ తమ్ముడు వెళ్లే చోట ఇలాంటిది ఉందా అని అక్కడ ఇప్పుడు చదువుతున్న పిల్లల్నే అడగండి, డైరెక్టర్‌ని అడగద్దు. పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి.

ఇంకో దెబ్బ చివర్లో తగిలింది. ఏడాది అయ్యాక అందరికీ సర్టిఫికెట్ ఇచ్చారు, బంగారు రంగు అంచు, పెద్ద సీలు, అమ్మ దాన్ని ఫ్రేము కట్టించింది. నేను దాన్ని తీసుకుని రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీకి పోతే గేటు దగ్గరే అడిగారు, ఎన్‌సీవీటీ ఉందా అని. అంటే ఐటీఐ చదివి జాతీయ స్థాయి ట్రేడ్ పరీక్ష పాసైనవాళ్లకి ఇచ్చే సర్టిఫికెట్. నా దగ్గర లేదు. నా చేతిలో ఉన్నది ఆ సెంటర్ సొంతంగా అచ్చు వేసుకున్న కాగితం. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఏడుపు ఆపుకోవడం కష్టమైంది. అందుకే మొదటి ప్రశ్న ఇదే అడగండి: మీరిచ్చే సర్టిఫికెట్ ఎవరిది? ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్ష ఏదైనా రాయిస్తారా? సరిగ్గా జవాబు చెప్పకుండా దేవుడు చూసుకుంటాడు అంటే, దేవుడు చూసుకుంటాడన్నది నిజమే, కానీ అది ఆ ప్రశ్నకి జవాబు కాదు.

ఇంత చెప్పాక పంపొచ్చు అని ఎందుకన్నానంటే, ఆ సెంటర్‌లోనే నాకు మా మేస్త్రీ దొరికాడు. ఆయన పాస్టర్ కాదు, వేదిక మీద ఎప్పుడూ మాట్లాడలేదు. అరవై దాటిన మనిషి, మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి సాయంత్రం దాకా వైండింగ్ నేర్పేవాడు. నాలుగో నెల నుంచి నా శిష్యరికం నిజంగా మొదలైందంటే ఆయన వల్లే.

వైండింగ్ పని తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను అనేది అర్థం కాదు. మన వైపు బోర్లు ఎంత లోతుకి పోయాయో మీకు తెలుసు, వెయ్యి అడుగులు దాటినవి కూడా ఉన్నాయి. వోల్టేజీ తక్కువ వచ్చినా, ఒక ఫేజ్ పోయి మిగతా రెండింటి మీద మోటారు తిరిగినా, లోపల వైరు కాలిపోతుంది. రైతు దాన్ని ట్రాక్టర్‌లో వేసుకుని వస్తాడు, పైరు ఎండుతుంటుంది, రేపటికల్లా కావాలంటాడు. మనం కాలిన వైరు కోసి తీసేసి, ఒక్కో కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయి, వైరు ఎంత గేజీ, అంటే ఎంత మందం, అని లెక్క పెట్టి రాసుకుని, మోటారు లోపలి గాడుల్లో, అంటే స్లాట్లలో, కాగితం పెట్టి, కొత్త కాయిల్స్ చుట్టి ఎక్కించాలి. నేల మీద పెట్టే మోనోబ్లాక్ పంపుకి ఎనామిల్ వైరు, తర్వాత వార్నిష్ పోసి ఆరబెట్టాలి. నీళ్లలో మునిగే సబ్‌మెర్సిబుల్‌కి వైరే వేరు, ప్లాస్టిక్ కోటింగ్ ఉన్నది వాడాలి.

ఈ పనిలో మోసం చేయాలంటే చాలా తేలిక. నలభై చుట్లు ఉండాల్సిన చోట ముప్పై ఆరు చుట్టినా మోటారు తిరుగుతుంది. గేజీ కొంచెం సన్నం వేసినా తిరుగుతుంది. వేడెక్కి ఆరు నెలల్లో మళ్లీ కాలుతుంది, అప్పుడు రైతు వోల్టేజీనే తిట్టుకుంటాడు. ఇంకొకటి పాత రాగి. ఐదు హెచ్‌పీ మోటార్లో నుంచి కిలోల లెక్కన రాగి వస్తుంది, పాత సామాను కొట్లో దానికి మంచి ధర ఉంటుంది, చాలా చోట్ల అది షాపువాడిదే అన్నట్టు సంచిలో వేసేసుకుంటారు, రైతుకి అడగాలనే తెలియదు.

మా మేస్త్రీ ఏం చేసేవాడంటే, కాలిన రాగి మొత్తం రైతు ముందు తూకం వేసేవాడు. ఇది నీది, తీసుకుపోతావా, లేదా బిల్లులో తగ్గించుకోనా అని అడిగేవాడు. చుట్ల లెక్క ఒక పాత నోట్‌బుక్‌లో రాసి రైతు పేరు పక్కన సంతకం పెట్టేవాడు. నాకు మొదట అర్థం కాలేదు, ఎందుకు మేస్త్రీ, ఎవరూ అడగరు కదా అన్నాను. ఆయన పెద్దగా ఏమీ చెప్పలేదు, పొద్దున క్లాసులో ఏం చదివారు అని అడిగాడు. ఆ రోజు చదివింది జక్కయ్య సంగతి. మోసంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్న మనిషి. మూడు గంటల క్లాసులో నా తలకెక్కనిది ఆ తక్కెడ దగ్గర ఒక్క నిమిషంలో ఎక్కింది.

అందుకే బైబిలు క్లాసు ఒక గదిలో, పని ఇంకో గదిలో, రెంటికీ సంబంధం లేకుండా నడిపే సెంటర్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నేర్పే మేస్త్రీ విశ్వాసి అయితే, లెక్కలో నిజాయితీ ఉన్నవాడైతే, మీ తమ్ముడికి ఆ ఏడాది దండగ కాదు. అలాంటి మేస్త్రీ లేకపోతే బయట మంచి షాపులో చేరినా పని వస్తుంది, ఆదివారం సంఘంలో వాక్యం వింటాడు, అదేం తక్కువ కాదు.

తెలివైన పిల్లవాడు కనపడగానే పూర్తికాల సేవకి, అంటే పాస్టర్ పనికి, రా అంటారు మన సంఘాల్లో, చేతి పని చేసుకునేవాడిని రెండో రకంగా చూస్తారు. నాకు ఇది ఎప్పటినుంచో బాధ. పౌలు అంతటి అపొస్తలుడు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు, అకుల ప్రిస్కిల్లల ఇంట్లో ఉండి వాళ్లతో పాటే పని చేశాడు, అపొస్తలుల కార్యములు 18లో ఉంది. నిర్గమకాండము 31లో దేవుని ఆత్మతో నిండినవాడని చెప్పిన బెసలేలు ప్రసంగికుడు కాదు, బంగారం, వెండి, ఇత్తడి, చెక్క మీద పని చేసే మనిషి. మా తాత కాట్పాడిలో ఆర్కాట్ మిషన్ వాళ్ల ఇండస్ట్రియల్ స్కూల్లో వడ్రంగం నేర్చుకున్నాడు. ఆయన చేసిన తలుపులు మా ఊళ్లో ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి, ఆయన ప్రసంగం చేయడం ఎవరూ చూడలేదు, కానీ ఆయన మాట మీద ఊళ్లో అందరూ, క్రైస్తవులు కానివాళ్లు కూడా, అప్పు ఇచ్చేవాళ్లు. మీ తమ్ముణ్ని ఏడాది తర్వాత సేవకి రమ్మని ఒత్తిడి పెడతారా అని కూడా కనుక్కోండి. వాడికి పిలుపు ఉంటే అది వాడికీ దేవుడికీ మధ్య తేలుతుంది, సెంటర్ లెక్క కోసం తేలకూడదు.

దీనికి పక్కనే ఇంకో మాట. మా బ్యాచ్‌లో ఇద్దరు హిందూ కుటుంబాల పిల్లలు ఉండేవాళ్లు, పని కోసమే వచ్చారు, ఆ సంగతి దాచలేదు కూడా. వాళ్లని రోజూ నిలబెట్టి యేసుని నమ్ముకునే నిర్ణయం ఎప్పుడు తీసుకుంటావు అని అడిగేవాళ్లు. ఒకడు ఐదో నెలలో రాత్రికి రాత్రి వెళ్లిపోయాడు, పని మధ్యలోనే ఆగిపోయింది వాడికి. నేను విశ్వాసిని, నా విశ్వాసం గురించి ఎవరడిగినా సంతోషంగా చెప్తాను. కానీ అన్నం, పని ఎర వేసి విశ్వాసం అడగడం ప్రభువు పద్ధతి కాదని నా గట్టి నమ్మకం. ఆయన పదిమంది కుష్ఠరోగుల్ని బాగు చేస్తే ఒక్కడే తిరిగొచ్చాడు, అయినా మిగతా తొమ్మిదిమంది స్వస్థతని ఆయన వెనక్కి తీసుకోలేదు. నా షాపులో ఇప్పుడు నేర్చుకునే ఇద్దరిలో ఒకడు ప్రతి శనివారం తిరుమల కొండకి పోతాడు. చుట్ల లెక్క ఇద్దరికీ ఒకటే.

ఇప్పుడు మీ నాన్నగారి మాట. ఆయనది తప్పు కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు, టెన్త్ పాసైతే చాలు, ఇంటర్ పోయినా ఫర్వాలేదు. వాడికి ఫ్యాక్టరీలో, రైల్వేలో అప్రెంటిస్‌గా పోవాలని ఉంటే ఐటీఐయే సరైన దారి, సెంటర్‌కి పంపి ఏడాది పోగొట్టద్దు. ఊళ్లోనే సొంతంగా పని పెట్టుకోవాలని ఉంటే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది, ఆర్‌సెటీ అంటారు, బ్యాంకులు నడుపుతాయి. 1982లో ఉజిరెలో ధర్మస్థల వాళ్లు, రెండు బ్యాంకులు కలిసి మొదలుపెట్టినదాన్ని చూసి దేశమంతా పెట్టారు. పద్దెనిమిది దాటినవాళ్లకి భోజనం, వసతి, శిక్షణ అన్నీ ఉచితం. మోటార్ రీవైండింగ్ కూడా వాళ్ల కోర్సుల్లో ఉంది, తర్వాత బ్యాంకు లోను దాకా వెంట ఉంటారు. నెల రోజుల ఆ కోర్సుతోనే పని చేతికి రాదు, కానీ ఎక్కడో ఏడాది నేర్చుకుని ఆ తర్వాత ఈ కోర్సు చేస్తే కాగితమూ ఉంటుంది, చేతిలో పనీ ఉంటుంది. నేను చేసింది సుమారుగా ఇదే, కాకపోతే మధ్యలో ఒక షాపులో మూడేళ్లు తక్కువ జీతానికి చేయాల్సి వచ్చింది.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఐటీఐ అప్లికేషన్‌లో కులం సర్టిఫికెట్ అడుగుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకి బీసీ-సీ కింద ఒక్క శాతం ఉంది. ఇది అన్యాయమని నా అభిప్రాయం, కులం బాధ బాప్తిస్మంతో పోలేదు. అయినా నేను బీసీ-సీ సర్టిఫికెట్టే తీసుకున్నాను, దానివల్ల పోగొట్టుకున్నదీ ఉంది. వేరేలా చేసినవాళ్లని తప్పు పట్టను, ఇళ్లల్లో పరిస్థితులు నాకు తెలుసు. కానీ నిజాయితీ గురించి ఏడాది పాఠం చెప్పే సెంటర్ ఈ విషయం పిల్లలతో ఒక్కసారైనా మనసు విప్పి మాట్లాడాలి. మా సెంటర్‌లో మాట్లాడలేదు, ఒక్కొక్కళ్లం ఒంటరిగా ఆ టెన్షన్ పడ్డాం.

మీరు చెల్లెలి గురించి కూడా చివర్లో ఒక లైను రాశారు, ఆమెకి కుట్టు మిషన్ నేర్పుతామన్నారని. ఆమెకి ఇష్టమైతే సరే. కానీ ఆడపిల్ల అంటే కుట్టు మిషనే అని ఎవరు రాసిపెట్టారు? కాయిల్స్ చుట్టడం, స్లాట్లలో ఎక్కించడం ఓపిక ఉన్న చేతుల పని, నా భార్య నాకంటే నీట్‌గా చుడుతుంది. అడిగి చూడండి, నేర్పుతారేమో.

వెళ్లేటప్పుడు ఆదివారం వెళ్లద్దు, ఆదివారం ఏ సెంటరైనా బాగుంటుంది. మంగళవారమో బుధవారమో మధ్యాహ్నం మూడింటికి చెప్పకుండా వెళ్లండి, తమ్ముణ్ని కూడా తీసుకెళ్లండి. ఇంట్లో అందరూ వాడి గురించి మాట్లాడుతున్నారు కానీ వాడికేం కావాలో మీరు రాసినదాంట్లో ఎక్కడా లేదు. ముందు వాణ్ని ఒక మోటారు విప్పనివ్వండి. చిత్తూరు నుంచి తిరుపతి బస్సెక్కితే దారిలోనే పూతలపట్టు, శనివారం మధ్యాహ్నాలు నా షాపులో రద్దీ తక్కువ, కాలిపోయిన మోనోబ్లాక్‌లు ఎప్పుడూ రెండు మూడు పడి ఉంటాయి. పంపితే సాయంత్రం దాకా ఉంచుకుని నూనె చేతులతోనే బస్సెక్కిస్తాను, ఇంటికొచ్చాక వాడేమంటాడో మీరే వినండి.